హెచ్‌బీఏ1సీ తగ్గింది, షుగర్ తగ్గలేదు: పుట్టగొడుగుల క్యాప్సూళ్లు వాడిన ఒక మధుమేహ రోగి కేస్ స్టడీ

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే 61 ఏళ్ల వ్యక్తి కేసు ఇది. 12 ఏళ్లుగా టైప్ 2 మధుమేహం ఉంది. 14 నెలల కిందట గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. రీషి, కార్డిసెప్స్, చాగా అనే మూడు రకాల పుట్టగొడుగుల పొడి కలిపిన క్యాప్సూళ్లను ఆయన మూడు నెలల పాటు వాడారు. ఆ మూడు నెలల్లో, రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష అంకె 8.8 నుంచి 7.2కు దిగింది. ఈ రెండు అంకెలే చూస్తే పుట్టగొడుగులు పనిచేశాయని ఎవరైనా అంటారు. ఇంట్లో అందరూ అదే అనుకున్నారు. కానీ ఆ మూడు నెలల్లో ఆయన ఒంట్లో జరిగింది వేరు. మధుమేహానికి పుట్టగొడుగులు మంచివని విని కొనే వాళ్లకూ, అలాంటి రోగులను రోజూ చూసే తోటి వైద్యులకూ ఈ సంగతి తెలియాలనే రాస్తున్నాను. రోగి అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

ఏప్రిల్ మొదటి వారం, మిర్చి సీజన్ ముమ్మరంగా ఉన్న రోజులు. యార్డులో తెల్లవారకముందే పని మొదలవుతుంది. టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగడం, నమూనా చూడటం, ధర తెగడం, కాటా, చీటీలు అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. ఆయన నా దగ్గరికి వచ్చింది షుగర్ గురించి కాదు, ఆయాసం గురించి. ‘‘యార్డులో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే రొప్పు వస్తోంది డాక్టర్ గారూ. షుగర్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది’’ అంటూ రిపోర్టు చేతికిచ్చారు. పక్కనున్న భార్య ముఖంలో కూడా ఆ రిపోర్టు తెచ్చిన ధైర్యం కనిపించింది.

వాడుతున్న మందులు ఇవి: షుగర్‌కు మెట్‌ఫార్మిన్ 1000 మిల్లీగ్రాములు రెండు పూటలా, గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాములు ఉదయం, స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ (యాంటీ ప్లేట్‌లెట్ మందులు), కొలెస్ట్రాల్‌కు రోసువాస్టాటిన్. గుండె డాక్టర్ రాసిన చీటీలో, కడుపులో యాసిడ్‌ను తగ్గించి పుండు పడకుండా కాపాడే పాంటోప్రజోల్ కూడా ఉంది. అది మాత్రం వేసుకోవడం లేదు.

మధుమేహం ఉన్నవాళ్లను ‘‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా?’’ అని అడిగితే లేదనే చెబుతారు. అబద్ధం చెప్పాలని కాదు, వాళ్ల దృష్టిలో అవి మందులు కావు. అందుకే నేను ‘‘ఇంట్లో మీరు మింగేవి, తాగేవి, నీళ్లలో కలుపుకునేవి అన్నీ ఒక సంచిలో వేసుకుని రండి’’ అని అడుగుతాను. మర్నాడు వాళ్ల కోడలు సంచి తెచ్చింది. అందులో పుట్టగొడుగుల క్యాప్సూళ్ల డబ్బా, అదే పుట్టగొడుగు కలిపిన కాఫీ పొట్లాలు, మందుల షాపులో అడిగి కొన్న ఐరన్ టానిక్ సీసా ఉన్నాయి. ‘‘క్యాప్సూళ్లు మా నాన్నగారే ఇచ్చారండీ. ఆయన వాటిని అమ్ముతారు. మావయ్య గారు మొహమాటపడి తీసుకున్నారు, తరవాత రిపోర్టు చూసి నమ్మకం కుదిరింది’’ అని ఆ అమ్మాయి చెప్పింది. వియ్యంకుడు చేతికిచ్చిన డబ్బాను వద్దనడం మన ఇళ్లలో ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. డబ్బా ఖరీదు నెలకు మూడు వేలు పైనే. రోజుకు నాలుగు క్యాప్సూళ్లు, మొత్తం రెండు గ్రాముల పొడి. పొద్దున పరగడుపున మింగాల్సినవి ఎక్కువయ్యాయని ‘గ్యాస్ మాత్ర’ ఒకటి తగ్గించుకున్నారు. ఆ తగ్గించుకున్నదే పాంటోప్రజోల్.

పొంతన కుదరని అంకెలు

హెచ్‌బీఏ1సీ 7.2 అంటే గత రెండు మూడు నెలల్లో రక్తంలో సగటు చక్కెర సుమారు 160 ఉండాలి. ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసిన విలువలను ఆయన భార్య పాత డైరీలో తేదీల వారీగా రాసి పెట్టారు. పరగడుపున 165 నుంచి 180, మధ్యాహ్నం భోజనం చేసిన రెండు గంటలకు 250, 260. జనవరి నుంచి మార్చి దాకా ఆ పేజీలు తిప్పితే ఎక్కడా తగ్గుదల లేదు. అన్నిటి సగటు 200 దాటుతోంది. ఆ లెక్కన హెచ్‌బీఏ1సీ ఎనిమిదిన్నర పైన ఉండాలి. ఒక్క రోజు మాత్రం 68 ఉంది. యార్డులో పని తెమలక మూడున్నర దాకా భోజనం చేయని రోజది. చెమటలు పట్టి, చేతులు వణికి, బెల్లం ముక్క నోట్లో వేసుకున్నారు. ఆ 68ని కూడా ఇంట్లో పుట్టగొడుగుల ఖాతాలోనే వేశారు. గ్లిమెపిరైడ్ వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే ఎవరికైనా జరిగేదే అది. ఆ మాత్ర తిన్నారా లేదా అని చూడదు, క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది.

మీటర్ తప్పా, ల్యాబ్ తప్పా అని చూడటానికి క్లినిక్‌లో సిరంజీతో తీసిన రక్తాన్నీ, ఆయన మీటర్‌నూ ఒకేసారి సరిపోల్చాను. తేడా నామమాత్రం. హెచ్‌బీఏ1సీ మరో ల్యాబ్‌లో చేయించాను, అక్కడా 7.2 వచ్చింది. రెండూ సరిగానే కొలుస్తున్నాయి, అయినా రెండూ ఒకే మాట చెప్పడం లేదు. ఇలాంటప్పుడు అనుమానించాల్సింది ఎర్ర రక్తకణాలను.

హెచ్‌బీఏ1సీ కొలిచేది ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరను. కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఎంతకాలం రక్తంలో తిరిగితే అంత చక్కెర అంటుకుంటుంది. ఒంట్లో ఎక్కడైనా రక్తం పోతూ, దాన్ని పూడ్చడానికి ఎముక మూలుగ కొత్త కణాలను త్వరత్వరగా వదులుతుంటే, రక్తంలో లేత కణాలే ఎక్కువగా ఉంటాయి. వాటికి చక్కెర అంటుకునే వ్యవధి చాలదు. అప్పుడు అసలు షుగర్ ఎంత ఉన్నా హెచ్‌బీఏ1సీ తక్కువగా కనిపిస్తుంది. ఐరన్ మొదలుపెట్టినప్పుడు కూడా ఇలాగే కొత్త కణాలు ఒక్కసారిగా పెరుగుతాయి. వైద్య విద్యార్థులకు ఒక హెచ్చరిక. కేవలం ఐరన్ లోపం ఉండి చికిత్స లేకపోతే జరిగేది దీనికి తలకిందులు. అప్పుడు హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ చూపిస్తుంది. రక్తహీనత అనే ఒక్క మాటతో ఎటువైపు తప్పు జరుగుతుందో తేల్చలేం.

డిసెంబరులో ఆయన హిమోగ్లోబిన్ 13.4. ఏప్రిల్‌లో 9.6. రెటిక్యులోసైట్లు, అంటే మూలుగ నుంచి అప్పుడే బయటపడిన లేత కణాలు, 4.5 శాతం. ఎర్ర రక్తకణాల ఆయుష్షుతో సంబంధం లేకుండా రెండు మూడు వారాల షుగర్‌ను చెప్పే ఫ్రక్టోసమైన్ పరీక్ష చేయిస్తే 410 వచ్చింది. మామూలుగా 285 లోపు ఉండాలి. అంటే డైరీ చెప్పిందే నిజం. షుగర్ డిసెంబరులో ఎక్కడుందో ఏప్రిల్‌లోనూ అక్కడే ఉంది.

ఇదంతా చెబుతుంటే ఆయన నన్ను ఆపి, ‘‘తేమ కొట్టిన టిక్కీ లాంటిదన్నమాట. కాటా సరిగానే తూస్తుంది, సరుకు లెక్కే తప్పుతుంది’’ అన్నారు. ముప్పై ఏళ్లుగా మిర్చి చేత్తో పట్టి తేమ పసిగట్టే మనిషి. నేను ఇంతసేపు చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇప్పుడు ఇతర రోగులకు కూడా నేను ఆ మాటే చెబుతున్నాను.

రక్తం ఎక్కడ పోతోంది

విరేచనం రంగు గురించి అడిగాను. నల్లగా వస్తోందని, ఐరన్ టానిక్ వల్ల అలా వస్తుందని మందుల షాపులో చెప్పారని అన్నారు. ఐరన్ వల్ల మలం నల్లబడటం నిజమే. కానీ ఆ నలుపు గట్టిగా, ఒక్కోసారి ఆకుపచ్చ జీరతో ఉంటుంది. కడుపులో రక్తం పోయినప్పుడు వచ్చే నలుపు తారులా జిగటగా, మెరుస్తూ ఉంటుంది. నీళ్లు పోసినా ఒక పట్టాన వదలదు. దుర్వాసన ఆ గదిలో చాలాసేపు ఉంటుంది. ఈ వివరాలు ఒక్కొక్కటిగా అడిగితే ఆయన ఇబ్బంది పడ్డారు కానీ, భార్య వెంటనే ‘‘రెండోదేనండీ’’ అన్నారు. ఎప్పటి నుంచి అంటే, ఫిబ్రవరి నడిమి నుంచి. టానిక్ కొన్నది ఫిబ్రవరి చివర. నలుపు ముందు వచ్చింది, టానిక్ తరవాత వచ్చింది. నీరసానికని కొన్న సీసా ఆ నీరసానికి కారణమైన రక్తస్రావాన్ని కప్పిపెట్టింది.

ఎండోస్కోపీలో జీర్ణాశయం కింది భాగంలో ఒరుపులు (లోపలి పొర గీరుకుపోయిన చోట్లు), ఒక చిన్న పుండు కనిపించాయి. అప్పటికి చురుకుగా రక్తం కారడం లేదు. కడుపు పుండ్లకు కారణమయ్యే హెచ్‌. పైలోరీ బ్యాక్టీరియా పరీక్ష నెగెటివ్. ముక్క తీసి పంపిన పరీక్షలో కేన్సర్ లక్షణాలు లేవు.

ఇది పుట్టగొడుగుల వల్లే జరిగిందా? చాలామంది పాఠకులు ఈ ప్రశ్నకు అవును అనే జవాబు కోసం చూస్తారని నాకు తెలుసు. నేను అలా అనలేను. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి వాడే వ్యక్తి వయసు అరవై దాటాక పాంటోప్రజోల్ మానేస్తే, పుట్టగొడుగు ఊసే లేకపోయినా కడుపులో పుండు పడి రక్తం పోవచ్చు. రీషికి ప్లేట్‌లెట్లు గుమికూడటాన్ని తగ్గించే గుణం ప్రయోగశాల పరీక్షల్లో కనిపించింది. అయితే 2005లో హాంకాంగ్ వైద్యులు 40 మంది ఆరోగ్యవంతులపై చేసిన పరీక్షలో రోజుకు ఒకటిన్నర గ్రాముల చొప్పున నాలుగు వారాలు ఇచ్చినా రక్తం గడ్డకట్టే తీరులో తేడా రాలేదు. వాళ్లు ఆరోగ్యవంతులు. రెండు యాంటీ ప్లేట్‌లెట్ మందులు వేసుకునే మధుమేహ రోగికి ఆ ఫలితాన్ని అలాగే అన్వయించలేం. నా అంచనా ఇది: క్యాప్సూళ్లు నేరుగా ఎంత చేశాయో చెప్పలేకపోయినా, వాటికి చోటు ఇవ్వడానికి పాంటోప్రజోల్ పోయింది. ఆ ఒక్క మార్పు చాలు. ‘సహజం కాబట్టి హాని లేదు’ అనే నమ్మకంలో నాకు కనిపించే అసలు ప్రమాదం ఇదే. హాని చాలాసార్లు ఆ పొడిలో ఉండదు, ఆ పొడి కోసం మానేసిన మాత్రలో ఉంటుంది.

గుండె డాక్టర్‌తో అదే రోజు ఫోనులో మాట్లాడాను. స్టెంట్ వేసి ఏడాది దాటింది కాబట్టి ఆస్పిరిన్ ఆపి క్లోపిడోగ్రెల్ ఒక్కటే కొనసాగించమన్నారు. స్టెంట్ ఉన్నవాళ్లు ఈ పని సొంతంగా ఎన్నడూ చేయకూడదు, స్టెంట్ మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. పాంటోప్రజోల్ మళ్లీ మొదలైంది. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ ప్రభావాన్ని తగ్గిస్తాయి, అందుకే పాంటోప్రజోల్. ఐరన్ మాత్రలు సరైన మోతాదులో మూడు నెలలకు రాశాను. క్యాప్సూళ్లు ఆపించాను.

క్యాప్సూళ్ల గురించి పరిశోధనలు చెప్పేది

‘‘ఆపమంటే ఆపుతాను. కానీ చైనాలో వేల ఏళ్లుగా వాడుతున్నారట కదా, ఊరికే వాడతారా?’’ అని ఆయన అడిగారు. ఇది నేరుగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న. కసురుకుంటే రోగి మానేసేది క్యాప్సూళ్లను కాదు, మనకు చెప్పడాన్ని.

రీషి, అంటే గానోడెర్మా, చైనా సంప్రదాయ వైద్యంలో ఎంతో పేరున్నది. అందులోని బీటా గ్లూకాన్లు, ట్రైటెర్పీన్లు జంతువుల మీద ప్రయోగాల్లో షుగర్‌ను తగ్గించాయి. మనుషుల విషయానికి వస్తే, 2004లో చైనాలో 71 మంది టైప్ 2 రోగులకు రీషి నుంచి తీసిన పాలిసాకరైడ్ సారాన్ని రోజుకు 5.4 గ్రాముల చొప్పున 12 వారాలు ఇచ్చి చూశారు. తీసుకున్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ 8.4 నుంచి 7.6కు తగ్గింది. అమ్మేవాళ్లు చూపించేది ఇలాంటి ఫలితాన్నే. ఆ తరవాతి కథ వాళ్లు చెప్పరు. 2015లో కోక్రేన్ సంస్థ అయిదు పరీక్షలను, మొత్తం 398 మందిని కలిపి సమీక్షించింది. మధుమేహంలో గుండె జబ్బు ముప్పును తగ్గించడానికి రీషిని సిఫారసు చేసే ఆధారం లేదని తేల్చింది. 2016లో ఆస్ట్రేలియాలో 84 మందిపై, రోజుకు మూడు గ్రాములు, 16 వారాలు, అసలు క్యాప్సూల్ ఎవరిదో ఉత్తుత్తి క్యాప్సూల్ ఎవరిదో డాక్టర్లకు కూడా తెలియకుండా పరీక్ష జరిగింది. ఒక జట్టుకు రీషి, ఒక జట్టుకు రీషితో పాటు కార్డిసెప్స్ ఇచ్చారు. హెచ్‌బీఏ1సీ, పరగడుపు షుగర్ రెండింటిలోనూ తేడా లేదు. మా రోగి తీసుకున్నది ఆ మోతాదులో మూడింట రెండు వంతులే.

మిగతా రకాలన్నీ ఒకటే అనడం కూడా న్యాయం కాదు. 2007లో తైవాన్‌లో మెట్‌ఫార్మిన్, గ్లిక్లజైడ్ వాడుతున్న 72 మందికి అగారికస్ అనే మరో పుట్టగొడుగు సారాన్ని 12 వారాలు జత చేసినప్పుడు ఇన్సులిన్ నిరోధకత కొంత మెరుగైంది. మైటాకే గురించి చిన్న చిన్న నివేదికలు ఉన్నాయి. ఇవి మరింత పరిశోధన జరగాలని చెప్పే ఫలితాలు. మాత్ర మానేసి డబ్బా కొనమని చెప్పేవి కావు.

డబ్బా మీద రాసినది డబ్బాలో ఉందా అనేది మరో సంగతి. 2017లో అచ్చయిన ఒక పరిశీలనలో అమెరికాలో అమ్మే 19 రీషి ఉత్పత్తులను పరీక్షిస్తే లేబుల్‌తో సరిపోయినవి అయిదే. మన దేశంలో ఇలాంటివి మందులుగా కాక ఆహార పదార్థాలుగా, ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016 నాటి నిబంధనల కింద అమ్ముతారు. వైద్య అవసరాలకు కాదని లేబుల్ మీద ముద్రించడం తప్పనిసరి. మా రోగి తెచ్చిన డబ్బా వెనక ఆ వాక్యం చిన్న అక్షరాల్లో ఉంది. ముందు వైపు మాత్రం పెద్దగా క్లోమం బొమ్మ ఉంది. మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం.

క్యాప్సూల్ వేసుకోగానే షుగర్ నిజంగానే దబ్బున పడిపోతే సంతోషించకండి, అనుమానించండి. మూలికల పేరుతో అమ్మే వాటిలో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మందు కలిపిన సంఘటనలు ప్రపంచమంతటా బయటపడ్డాయి. 2008లో సింగపూర్‌లో అలాంటి కల్తీ క్యాప్సూళ్ల వల్ల మధుమేహమే లేని వాళ్లు షుగర్ పడిపోయి ఆసుపత్రుల్లో చేరారు, కొందరు చనిపోయారు. మా రోగి విషయంలో షుగర్ అసలు తగ్గలేదు కాబట్టి ఆ అనుమానం అక్కర్లేకపోయింది.

చాగా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అందులో ఆక్సలేట్లు చాలా ఎక్కువ. రోజూ నాలుగైదు చెంచాల పొడి నెలల తరబడి తీసుకున్న ఒక మహిళ మూత్రపిండాలు పాడైన కేసును 2014లో జపాన్ వైద్యులు ప్రచురించారు. మా రోగి మూత్రంలో ఇప్పటికే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కొద్దిగా పోతోంది. క్యాప్సూల్‌లో చాగా ఎంత ఉందో లేబుల్ మీద విడిగా రాయలేదు. మధుమేహం వల్ల మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైన మనిషికి చాగా ఏ రూపంలోనూ వద్దని నా గట్టి అభిప్రాయం.

కాఫీ పొట్లం లేబుల్ కోడలు చేతే చదివించాను. పదార్థాల పట్టికలో మొదటి పేరు క్రీమర్ పొడి, రెండోది చక్కెర, రీషి చివర్లో.

వంటింట్లో పుట్టగొడుగు

క్యాప్సూళ్లు ఆపించినా పుట్టగొడుగు మీద ఆయన నమ్మకాన్ని పూర్తిగా తుంచేయడం నాకు ఇష్టం లేదు. ఆ నమ్మకం ఉపయోగపడే చోటు ఒకటుంది, భోజనం పళ్లెం. వంద గ్రాముల తాజా ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగుల్లో కేలరీలు 35 లోపే. పిండి పదార్థం ఆరు గ్రాములు, అందులో రెండు గ్రాములకు పైగా పీచే. ప్రొటీన్ మూడు గ్రాములు దాటుతుంది. వంద గ్రాముల తెల్లన్నంలో పిండి పదార్థం 28 గ్రాములు. మా ప్రాంతపు భోజనం సంగతి తెలిసిందే. పప్పుతో ఒకసారి, కూర, పచ్చడితో ఒకసారి, పులుసు లేక సాంబారుతో ఒకసారి, చివరికి పెరుగన్నం. ఆయన పళ్లెంలోని అన్నాన్ని వంటింటి కాటా మీద తూచమంటే 400 గ్రాములు తేలింది. అంటే ఒక్క పూటలో అన్నం నుంచే 110 గ్రాముల పైన పిండి పదార్థం.

మే నెలలో యార్డుకు వేసవి సెలవులు వచ్చాయి. భోజనం వేళకు దొరుకుతుంది, కడుపు పుండు మానుతోంది, షుగర్ మందుల్లో మార్పు లేదు. కొత్త షుగర్ మందు అప్పుడే మొదలుపెట్టకపోవడానికి నాకు వేరే కారణం కూడా ఉంది, అది తరవాత చెబుతాను. ఈ వ్యవధిలో ఆయన చేతే ఒక పరీక్ష చేయించాను. మూడు రకాల మధ్యాహ్న భోజనాలు, ఒక్కో రకం కొన్ని రోజులు, ప్రతిసారీ తిన్న రెండు గంటలకు షుగర్ చూసి రాయాలి. మొదటిది మామూలు భోజనం, 400 గ్రాముల అన్నం. రెండోది అదే భోజనం, అంతే అన్నం, దానికి అదనంగా 150 గ్రాముల పుట్టగొడుగుల కూర. మూడోది 200 గ్రాముల అన్నం, పుట్టగొడుగుల కూర, గట్టి పప్పు, పెరుగు.

రెండో రకం ఎందుకని ఆయన అడిగారు. దాని కోసమే ఈ పరీక్ష అంతా. పుట్టగొడుగులో షుగర్‌ను పడగొట్టే శక్తి ఉంటే అన్నం తగ్గించకుండానే అంకె దిగాలి.

మొదటి రకం రోజుల్లో 252 నుంచి 268. రెండో రకం రోజుల్లో 238 నుంచి 261. మూడో రకం రోజుల్లో 186 నుంచి 204. ఆయన ఆ అంకెలను యార్డు చిట్టా రాసే పొడుగు పుస్తకంలో మూడు గడులుగా గీసి రాసుకొచ్చారు. బల్ల మీద పెట్టి, రెండో గడి మీద వేలు ఆనించి, ‘‘దీనికీ మొదటిదానికీ పెద్ద తేడా లేదు. తేడా తెచ్చింది అన్నమే’’ అన్నారు. ఆ మాట నేను చెప్పి ఉంటే ఒక చెవిన విని వదిలేసేవారేమో. ఆయన చేత్తో తూచి, ఆయన రక్తంలో చూసుకున్నది కాబట్టి నిలిచింది.

ఇది ఒక్క మనిషి భోజనం, దీన్ని పరిశోధన అనను. రెండో గడిలో కనిపించిన కొద్దిపాటి తేడా పీచు వల్ల కావచ్చు, కాకతాళీయం కావచ్చు. ఢాకాలోని మధుమేహ ఆసుపత్రిలో 2007లో 89 మందికి ఇవే ముత్యపు చిప్ప పుట్టగొడుగులను వారం పెట్టి, వారం ఆపి, మళ్లీ వారం పెట్టి చూశారు. పెట్టిన వారాల్లో షుగర్, కొలెస్ట్రాల్ తగ్గాయి. మంచి ఫలితమే. కానీ తినే పదార్థంతో చేసే పరీక్షల్లో కూర చేసిన మేలెంతో, కూర వచ్చి పక్కకు నెట్టినది చేసిన మేలెంతో విడదీయడం కష్టం. నా దృష్టిలో పక్కకు నెట్టడం కూడా గొప్ప పనే. పళ్లెం ఖాళీగా కనిపిస్తే ఎవరూ అన్నం తగ్గించుకోలేరు. నమలడానికి ఒకటి, కడుపు నింపడానికి ఒకటి, రుచికి ఒకటి ఉండాలి. పుట్టగొడుగు ఆ మూడూ చేస్తుంది. వంకాయ, బీర, సొర కూడా అన్నాన్ని తగ్గించగలవు కానీ, మాంసం తిన్నంత తృప్తి ఇచ్చేది ఇదొక్కటే అని ఆయన భార్య అన్నారు.

ఆవిడ వండే తీరు ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే చాలామంది నూనె పోసి చెడగొడతారు. పుట్టగొడుగులను కత్తితో కాకుండా చేత్తో నిలువుగా చీలుస్తారు. వెడల్పు మూకుడు బాగా కాలాక నూనె లేకుండానే వేసి, పెద్ద మంట మీద అవి వదిలిన నీరంతా ఇగిరిపోయే దాకా తిప్పుతారు. అప్పుడు రెండు చెంచాల నూనె, ఉల్లిపాయ, వెల్లుల్లి, ధనియాల పొడి. వారానికోసారి గోంగూర ఉడికించి కలుపుతారు. మూకుడులో నీళ్లు ఉండగానే నూనె పోస్తే ముక్కలు ఉడికి సాగుతాయి తప్ప వేగవు, అప్పుడు రుచి కోసం ఇంకా నూనె పోయాల్సి వస్తుంది. వండే ముందు ముక్కలను ఓ గంట ఎండలో పెట్టమని నేను చెప్పాను. వాటిలోని ఎర్గోస్టెరాల్ ఎండకు విటమిన్ డి2గా మారుతుంది. గుంటూరు ఎండకు అంతకన్నా మంచి ఉపయోగం లేదు.

వరిగడ్డి మీద పెంచిన తాజా పుట్టగొడుగులను నమ్మకమైన చోట కొనాలి. తొలకరి వానలకు పుట్టల మీద, చెట్ల మొదళ్లలో లేచే వాటిని తెలియకుండా కోసుకు తినడం ప్రాణాంతకం. ఈ పుట్టగొడుగుల్లో లోవాస్టాటిన్ సహజంగానే ఉంటుందని ఎక్కడో చదివి కొలెస్ట్రాల్ మాత్ర మానేసిన వాళ్లను కూడా చూశాను. ఆ పరిమాణం స్టెంట్ ఉన్న మనిషికి ఎందుకూ చాలదు.

తరవాత

కొత్త మందుకు ఆగిన కారణం ఎండలు. గుండె జబ్బు, మూత్రంలో ఆల్బుమిన్ ఉన్న ఈయనకు నప్పేది డాపాగ్లిఫ్లోజిన్. అది చక్కెరను మూత్రంలో పంపేస్తుంది, వెంట నీళ్లు కూడా పోతాయి. రక్తం తక్కువగా ఉన్న మనిషికి మే నెల గుంటూరు ఎండల్లో దాన్ని మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. భోజనం మార్పుతో అంకెలు కొంత దిగాయి కాబట్టి వేచి ఉండగలిగాం. జూన్ చివర, వానలు పడ్డాక, హిమోగ్లోబిన్ 12.4కు చేరాక 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టి, గ్లిమెపిరైడ్‌ను ఒక మిల్లీగ్రాముకు తగ్గించాను. ఉదయం బృందావన్ గార్డెన్స్ స్టేడియంలో నడక మొదలుపెట్టారు. ఆయాసం లేదు.

హెచ్‌బీఏ1సీ ఈలోపు చేయించలేదు. రక్తకణాలు కుదురుకోకుండా చేయిస్తే మళ్లీ తప్పుదారి పట్టిస్తుంది. సెప్టెంబరు చివర, ఐరన్ ఆపి రెండు నెలలు దాటాక చూస్తే హిమోగ్లోబిన్ 13.1, హెచ్‌బీఏ1సీ 7.3, ఫ్రక్టోసమైన్ 322. డైరీలో పరగడుపున 118 నుంచి 130, తిన్న తరవాత 170 నుంచి 185. ఏప్రిల్ నాటి 7.2 కన్నా ఈ 7.3 ఒక చుక్క ఎక్కువే. కానీ ఇప్పుడు మూడు కొలతలూ ఒకే మాట చెబుతున్నాయి. ఈ మెరుగుదలలో కొత్త మాత్ర వాటా ఉంది, సగమైన అన్నం వాటా ఉంది, నడక వాటా ఉంది. కూరగా పుట్టగొడుగులు వారానికి మూడు నాలుగు రోజులు తింటున్నారు.

వియ్యంకుడికి ఏం చెప్పాలనేది ఆ ఇంట్లో పెద్ద చర్చే అయింది. చివరికి కోడలే ఎండోస్కోపీ రిపోర్టు ఫోటో వాళ్ల నాన్నగారికి పంపి, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు ఇవ్వవద్దని చెప్పింది.

మొన్న వచ్చినప్పుడు ఆయన మరో సంగతి అడిగారు. ఇంట్లో తెరవని డబ్బాలు రెండున్నాయి, తెనాలిలో ఉన్న తమ్ముడు షుగర్‌కు వాడుకుంటానని అడుగుతున్నాడు, ఇవ్వవచ్చా అని. తమ్ముడికి గుండె కవాటం మార్పిడి జరిగింది, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు. ఇవ్వవద్దని చీటీ మీద రాసిచ్చాను. ఇప్పటికే ఒక డబ్బా వాడి ఉండవచ్చని ఆయన భార్యకు అనుమానం. తమ్ముణ్ని ఈ వారంలోనే, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుని, తను వాడేవన్నీ సంచిలో వేసుకుని రమ్మని కబురు పంపాం.